పెరిగిన రోజు మాత్ర, తగ్గిన రోజు ధీమా

షుగరు ఉన్నవాళ్ల ఇళ్లలో బీపీ గురించి ఒక సిద్ధాంతం పాతుకుపోయింది. ఏ పుస్తకంలోనూ లేకపోయినా ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చు. "బీపీ అన్నాక ఒకరోజు పెరుగుతుంది, ఒకరోజు తగ్గుతుంది. టెన్షన్ పడితే ఎక్కుతుంది, కాస్త కునుకు తీస్తే దిగుతుంది. పెరిగినట్టు అనిపించిన రోజు ఒక మాత్ర వేసుకుంటే సరి. అసలు జాగ్రత్తగా ఉండాల్సింది షుగరుతో." చదువుకున్నవాళ్లూ ఇదే అంటారు, చదువుకోనివాళ్లూ ఇదే అంటారు. డాలస్‌లో ఉన్న కొడుకు ఫోన్ చేసి అడిగితే తండ్రి చెప్పే జవాబూ ఇదే: "షుగరు కంట్రోల్లోనే ఉందిరా. బీపీ అంటావా, అది కొంచెం అటూ ఇటూ అవుతుంటుందిలే."

ఆ సిద్ధాంతం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. బీపీ అటూ ఇటూ అవడం షుగరు ఉన్న మనిషి విషయంలో తేలిగ్గా తీసుకోవాల్సిన సంగతి కాదు. అది రక్తనాళాలు, నరాలు పంపుతున్న కబురు. చాలాసార్లు అది మన చేతులారా తెచ్చుకున్నది కూడా.

సాయంత్రం ఏడింటికి ఏ వీధి చివరి మెడికల్ షాపు దగ్గరైనా కాసేపు నిలబడండి. "అన్నా, షుగర్ గోలీలు నెలకియ్యి. బీపీవి రెండు చాలు" అంటాడొకాయన. "బీపీది ఏ గోలీ?" "చిన్నగ, తెల్లగుంటది సూడు. మొన్న ఇచ్చినవ్ గదా." షాపతను మెట్‌ఫార్మిన్ స్ట్రిప్పులు నాలుగు లెక్కపెట్టి కౌంటర్ మీద పెడతాడు. ఆమ్లోడిపిన్ స్ట్రిప్పు తీసి కత్తెరతో రెండు మాత్రలు కత్తిరించి చిన్న కాగితం కవర్లో వేస్తాడు. మందు పేరు, గడువు తేదీ అచ్చయిన ముక్క డబ్బాలోనే ఉండిపోతుంది. షుగరు మందు నెలకు, బీపీ మందు రెండు రోజులకు. జబ్బుల మీద మన అంచనా ఎలా ఉందో ఆ కత్తెర చూస్తే తెలిసిపోతుంది.

పూర్వపక్షం వాళ్లను తక్కువ చేయడం న్యాయం కాదు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. గుండె కొట్టుకున్న ప్రతిసారీ రక్తపోటు మారుతుంది. మెట్లెక్కితే పెరుగుతుంది, కోపం వస్తే పెరుగుతుంది, డాక్టరు గదిలోకి అడుగుపెడితేనే కొందరికి పెరుగుతుంది. నిద్రలో తగ్గుతుంది, తెల్లవారుజామున మళ్లీ లేస్తుంది. ఆరోగ్యవంతుడి శరీరంలో ఇదంతా మామూలే. తప్పంతా ఇక్కడి నుంచి వాళ్లు వేసే తర్వాతి అడుగులో ఉంది. "మారడం సహజం కాబట్టి ఈ మార్పూ సహజమే" అనడంలో ఉంది.

ముందు వాళ్ల చివరి వాక్యంతోనే మొదలుపెడదాం: అసలు చూసుకోవాల్సింది షుగరు.

షుగరు ఉన్నవాళ్లను చివరికి తీసుకుపోయేది ఎక్కువగా షుగరు కోమా కాదు. గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం, కిడ్నీల వైఫల్యం. ఇవన్నీ రక్తనాళాల జబ్బులు. రక్తనాళాన్ని లోపలి నుంచి చక్కెర పాడుచేస్తుంటే, దాని గోడ మీద ఒత్తిడి పెట్టేది బీపీ. బ్రిటన్‌లో ఏళ్ల తరబడి సాగిన యూకేపీడీఎస్ అధ్యయనం ఈ రెండింటినీ విడివిడిగా తూచింది. 1998లో ఫలితాలు వచ్చాయి. టైప్ 2 డయాబెటిస్‌తో పాటు బీపీ ఉన్న 1,148 మందిని రెండు గుంపులు చేస్తే, గట్టిగా వైద్యం అందిన గుంపులో సగటు బీపీ 144/82కి, మామూలు గుంపులో 154/87కి చేరింది. తేడా పది పాయింట్లే. ఆ పది పాయింట్లకే పక్షవాతాలు 44 శాతం తగ్గాయి, షుగరుకు సంబంధించిన మరణాలు 32 శాతం తగ్గాయి, కంటి రెటీనా దెబ్బతినడం మూడో వంతు తగ్గింది. అదే అధ్యయనంలో చక్కెరను గట్టిగా అదుపు చేసిన గుంపుకూ మేలు జరిగింది. కళ్లు, కిడ్నీల్లాంటి చిన్న నాళాల జబ్బులు పాతిక శాతం తగ్గాయి. గుండెపోటు విషయంలో మాత్రం ఆ నాటికి తేడా గణాంకాల గీత దాటలేకపోయింది.

పదేళ్ల తర్వాత అమెరికా, కెనడాల్లో అకార్డ్ అధ్యయనం ఇంకో అడుగు ముందుకు వేసింది. పదివేల మందికి పైగా షుగరు రోగుల్లో సగం మందికి చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీని 6 శాతం కంటే కిందికి తేవాలని మందులు దంచారు. 2008లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది. ఎందుకంటే ఆ గుంపులోనే ఎక్కువ మంది చనిపోతున్నారు. దీన్నిబట్టి షుగరును వదిలేయమని ఎవరూ అనరు. చక్కెర అంకె ఒక్కటే పట్టుకుని వేలాడితే గుండె దక్కదని మాత్రం తేలింది. డెన్మార్క్‌లో స్టెనో-2 అధ్యయనంలో 160 మందికి చక్కెర, బీపీ, కొలెస్టరాల్, సిగరెట్, తిండి అన్నీ కలిపి చూసుకుంటే గుండె, రక్తనాళాల ప్రమాదాలు సగానికి పడిపోయాయి. మేలు చేసింది ఆ కలిపి చూసుకోవడమే.

ఇదంతా దొరల దేశాల గోల అనుకునేవాళ్లకు మన గోదావరి జిల్లాల లెక్క ఒకటి ఉంది. 2003–04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఎవరు దేనివల్ల చనిపోయారో ఇంటింటికీ తిరిగి రాశారు. మరణాల్లో దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే. పల్లెల్లో జ్వరాలతో, విరేచనాలతో పోతారు, గుండెజబ్బు పట్నం బాబులకే అనే నమ్మకం అప్పటికే అబద్ధమైపోయింది. 2023లో వెలువడిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉంది. పెద్దవాళ్లలో మూడో వంతు కంటే ఎక్కువ మందికి బీపీ ఉంది. ఈ రెండు గుంపులూ వేరువేరు మనుషులు కారు. ఒకే మనిషిలో రెండూ ఉండటం మన దగ్గర మామూలు.

ఇక "అంతా టెన్షన్" అనే మాటకొద్దాం.

మనం కూర్చున్నచోటి నుంచి లేచి నిలబడితే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. మెడలోని కెరోటిడ్ ధమని దగ్గర, గుండె పైని బృహద్ధమని వంపు దగ్గర ఉన్న ఒత్తిడి గ్రాహకాలు ఆ తగ్గుదలను పసిగట్టి మెదడుకు చెబుతాయి. మెదడు గుండెను కొంచెం వేగం పెంచమంటుంది, కాళ్ల నాళాలను బిగించమంటుంది. ఇదంతా కొన్ని సెకన్లలో జరిగిపోతుంది కాబట్టే మనం కళ్లు తిరిగి పడిపోకుండా నడవగలుగుతున్నాం. షుగరు ఏళ్ల తరబడి ఉంటే ఈ కబుర్లు మోసే నరాలే దెబ్బతింటాయి. పాదాల్లో తిమ్మిరి, మంటలు తెచ్చిన నరాల జబ్బే గుండెకు వెళ్లే నరాలనూ పట్టుకుంటుంది. అప్పుడు ఒత్తిడిని సరిదిద్దే యంత్రాంగం మందగిస్తుంది. కూర్చుంటే 160, నిలబడితే 120. పడుకుంటే మళ్లీ 170. పైగా రక్తనాళాలు గట్టిపడిపోయి ఉంటాయి కాబట్టి గుండె తోసిన ప్రతి తోపూ వాటిలో పెద్ద అలై లేస్తుంది. పై అంకె ఎగిరి, కింది అంకె పడిపోయి 170/70 లాంటి కొలతలు వస్తాయి. ఇంట్లోవాళ్లేమో, "కోడలితో మాటామాటా అనుకున్నాడు, అందుకే పెరిగింది" అంటారు. పాపం కోడలు.

రాత్రి సంగతి ఇంకా విచిత్రం. మామూలుగా నిద్రలో బీపీ పగటి కంటే పది నుంచి ఇరవై శాతం తగ్గాలి. గుండెకు, నాళాలకు అదే విశ్రాంతి. నరాలు దెబ్బతిన్న షుగరు రోగుల్లో చాలామందికి ఈ తగ్గుదల ఉండదు. కొందరికి రాత్రే పెరుగుతుంది. పొద్దున పదింటికి డాక్టరు దగ్గర 130 ఉన్న మనిషికి అర్ధరాత్రి 155 ఉండొచ్చు. నిద్రపోతున్న మనిషికి ఏ కోడలితోనూ గొడవ లేదు కదా, మరి ఆ బీపీ ఎవరి టెన్షన్?

ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లలో ఇంకొక మోసం ఉంది. చక్కెర బాగా పడిపోయినప్పుడు శరీరం అడ్రినలిన్ విడుదల చేస్తుంది. గుండె దడ, చెమట, వణుకు, వాటితో పాటు పై అంకె పెరగడం. మనిషి లేచి మెషీన్ కట్టుకుని, "అదిగో, బీపీ ఎక్కింది" అని బీపీ మాత్ర మింగి పడుకుంటాడు. ఆ నిమిషంలో అతనికి కావలసింది మూడు చెంచాల చక్కెర. టెన్షన్ సిద్ధాంతం ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఈ ఒక్క రాత్రి చాలు.

షుగరు లేనివాడు తట్టుకోగలిగిన హెచ్చుతగ్గులు షుగరు ఉన్నవాడికి ఎందుకు చేటు? కిడ్నీ, కన్ను, మెదడు తమలోని సన్నని నాళాలను బిగించీ సడలించీ బయటి ఒత్తిడి ఎగుడుదిగుళ్లు లోపలికి రాకుండా అడ్డుకుంటాయి. షుగరు ఆ అడ్డును బలహీనం చేస్తుంది. చేతి మీద కొలిచిన 180 నేరుగా కిడ్నీ వడపోత మీద పడుతుంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కనపడటం మొదలవుతుంది. బరువుకు ఎదురు తోసీ తోసీ గుండె ఎడమ గది గోడ మందమవుతుంది. బీపీ మరీ పడిపోయినా గుండెకు మంచిది కాదు. గుండె కండరానికి రక్తం ఎక్కువగా అందేది అది సడలినప్పుడు, అంటే కింది అంకె వేళలో. ఆ అంకె బాగా కిందికి జారితే, అప్పటికే సన్నబడిన కొరోనరీ నాళాల వెనక కండరం రక్తం చాలక ఇబ్బంది పడుతుంది. పెరిగినా దెబ్బే, పడినా దెబ్బే.

"నాకే బాధా లేదు" అనేది మూడో వాదన. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఛాతీలో నొప్పి లేదు. కాబట్టి ఏమీ లేదు.

బీపీ సాధారణంగా ఏ బాధా చెప్పదు. షుగరు రోగిలో గుండె కూడా చెప్పకపోవచ్చు. నొప్పి కబురు మోసే నరాలు మొద్దుబారితే గుండెకు రక్తం అందకపోయినా ఛాతీలో నొప్పి రాదు. కొంచెం ఆయాసం, ఊరికే చెమట, గ్యాస్ పట్టినట్టు పొట్ట పైభాగాన బిగింపు, ఎన్నడూ లేని నీరసం, అంతే. గ్యాస్ మాత్ర వేసుకుని పడుకున్నాడు, తెల్లారి లేవలేదు అని మనం ఎన్ని ఇళ్ల గురించి వినలేదు? షుగరు ఉన్నవాడు బాధ లేదు కాబట్టి జబ్బు లేదనుకోవడం, అరికాలికి మేకు గుచ్చుకున్నా తెలియని మనిషి తన కాలికి గాయమే కాలేదని ప్రమాణం చేయడంతో సమానం. బాధను నమ్ముకునే హక్కు షుగరు వచ్చినప్పుడే పోయింది. ఇక నమ్ముకోవాల్సింది కొలతనే.

ఇప్పుడు ఈ సిద్ధాంతానికి ఆయువుపట్టు: పెరిగిన రోజు మాత్ర.

మెడికల్ షాపులో కత్తిరించి ఇచ్చిన ఆ తెల్లమాత్ర, ఆమ్లోడిపిన్, మింగిన ఆరు నుంచి పన్నెండు గంటలకు గానీ రక్తంలో పూర్తి స్థాయికి చేరదు. ఒంట్లోంచి సగం పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటే వారానికి నిలకడ కుదురుతుంది. అది అలా ఉండేలా తయారైన మందు. మధ్యాహ్నం మూడింటికి 170 చూసి వేసుకున్న మాత్ర రాత్రికి పనిలోకి దిగుతుంది. ఆలోపు బీపీ తనంతట తాను తగ్గి ఉంటుంది. "చూశావా, మాత్ర వేసుకోగానే దిగింది" అనే కీర్తి మాత్రకు దక్కుతుంది. మర్నాడు బాగుందని మానేస్తే మూడోరోజుకు మందు ప్రభావం తరిగిపోయి, నాలుగో రోజు మళ్లీ పెరుగుతుంది. "నాకు బీపీ అటూ ఇటూ అవుతుంటుంది" అనే వాక్యం అక్కడ పుడుతుంది. రోగం ఊగడం లేదు, మందు ఊగుతోంది. అటెనొలాల్ లాంటి బీటా బ్లాకర్లను, క్లోనిడిన్‌ను హఠాత్తుగా మానేస్తే ఇంకా చేటు. బీపీ ఎగిరిపడుతుంది, గుండెజబ్బు ఉన్నవాళ్లకు ప్రాణం మీదికీ రావచ్చు.

వెంటనే దించేయాలనే ఆత్రం వైద్యులకూ ఒకప్పుడు ఉండేది. నిఫెడిపిన్ గొట్టం మాత్రను కొరికి నాలుక కింద పెట్టుకోమనేవారు. అంకె నిమిషాల్లో పడిపోయేది. కొందరికి దాంతోపాటు మెదడుకు, గుండెకు రక్తమే చాలకుండా పోయి పక్షవాతం, గుండెపోటు వచ్చాయి. 1996లో అమెరికా వైద్య పత్రిక ‘జామా’లోనే ఈ పద్ధతికి స్వస్తి పలకాలని వైద్యులు రాశారు. ఛాతీ బరువు, ఆయాసం, మూతి వంకర పోవడం, మాట తడబడటం లాంటివి ఉంటే అంకెతో పని లేకుండా ఆస్పత్రికి పరుగెత్తాలి. అవేమీ లేకుండా అంకె ఒక్కటే పెరిగితే, దాన్ని గంటలో నేలకు దించడం వైద్యం కాదు.

మాత్ర నిలకడగా ఎందుకు వేసుకోవాలో యూకేపీడీఎస్ ముగిశాక జరిగిన కథ చెబుతుంది. అధ్యయనం అయిపోయాక రెండేళ్లలోపే రెండు గుంపుల బీపీలూ ఒకటైపోయాయి. 2008లో చూస్తే చక్కెరను ముందే అదుపు చేసినవాళ్లకు ఆ మేలు ఏళ్ల తర్వాతా మిగిలింది. బీపీని అదుపు చేసినందువల్ల వచ్చిన మేలు మాత్రం అదుపు పోగానే పోయింది. బీపీ వైద్యంలో నిల్వ ఖాతా లేదు. నిరుడు బాగా చూసుకున్నాను కదా అంటే ఈ ఏడు లెక్కకు రాదు.

ఏ పూట వేసుకోవాలన్న గొడవ కూడా చాలావరకు తీరిపోయింది. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అధ్యయనం 2022లో పొద్దున వేసుకున్నా రాత్రి వేసుకున్నా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా లేదని తేల్చింది. మీకు గుర్తుండే పూటే మంచి పూట. డాక్టరు వేరేగా చెబితే తప్ప రోజూ అదే పూట.

"తగ్గిపోయింది, అందుకే మానేశాను" అనేవాళ్లది కొంచెం వేరు. వాళ్లలో కొందరికి నిజంగానే ఇబ్బంది ఉంది. మంచం మీంచి లేవగానే కళ్లు బైర్లు కమ్ముతాయి, గోడ పట్టుకుంటారు. లేచి నిలబడిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడితే దాన్ని జబ్బుగానే లెక్కించాలి. షుగరు నరాల మీద పడిందనడానికి అదొక గుర్తు. మే నెల ఎండల్లో, నీళ్ల మాత్రతో పాటు మూత్రంలోంచి చక్కెరను పంపేసే ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి కొత్త మందులు కూడా వాడుతుంటే ఒంట్లో నీరు తగ్గి ఇది మరీ ఎక్కువవుతుంది. అలాంటివాళ్లు మాత్ర సొంతంగా మానేయడంతో రాత్రి పడుకున్నప్పటి బీపీ ఇంకా పైకి పోతుంది. వాళ్లకు కావలసింది మందు మార్పు, మోతాదు మార్పు, నీళ్లు, మెల్లగా లేవడం. ఈ మార్పులన్నీ చేయాలంటే ముందు నిలబెట్టి బీపీ చూసినవాళ్లుండాలి.

ఇక్కడ వైద్యుల వైపూ తిరగాలి. షుగరు రోగిని కూర్చోబెట్టీ నిలబెట్టీ బీపీ చూడాలని డయాబెటిస్ మార్గదర్శకాలు చెబుతూనే ఉన్నాయి. మన ఓపీల్లో ఎంతమందిని నిలబెట్టి చూస్తున్నారు? మనిషి రెండంతస్తులు ఎక్కివస్తాడు, క్యూలో నిలబడతాడు. స్టూలు మీద కూలబడగానే చొక్కా చేతి మీదే పట్టీ చుట్టేస్తారు. పట్టీ ఊదుతుండగానే, "టిఫిన్ తిన్నారా? సుస్తీ ఎన్నాళ్ల నుంచి?" అని అడుగుతారు. అతను జవాబు చెబుతుంటాడు. మాట్లాడితేనే బీపీ పెరుగుతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఇంకా ఎక్కువ చూపిస్తుంది. మూత్రం ఆపుకుని ఉన్నా, కాలు మీద కాలు వేసుకున్నా పెరుగుతుంది. ఆఖరికి చీటీ మీద 140/90 అని పడుతుంది. ఆ చీటీలు వరసగా తిరగేయండి: 130/80, 140/90, 150/90. పాదరసం పరికరం మీద గీతలు రెండేసి మిల్లీమీటర్ల చొప్పున ఉంటాయి. నిజంగా చూసి రాస్తే 2, 4, 6, 8తో ముగిసే అంకెలూ అంతే తరచుగా రావాలి. అన్నీ సున్నాలే అంటే కొలత కొంత, అంచనా కొంత. అలా వచ్చిన అంకెల హెచ్చుతగ్గులు చూసి రోగి బీపీ మీదే నమ్మకం పోగొట్టుకుంటే తప్పంతా అతనిదే అనలేం.

పండితుల అభ్యంతరం ఒకటుంది. అది గట్టిది కాబట్టి దాటవేయకూడదు. "హెచ్చుతగ్గులు జబ్బు ముదిరిందనడానికి గుర్తు మాత్రమే కావచ్చు. వాటిని తగ్గించడం వల్లే మేలు జరుగుతుందని తేల్చిన అధ్యయనం ఏది?" అంటారు. నిజమే. 2010లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పీటర్ రాత్‌వెల్ బృందం ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన, ఒక సందర్శనకూ మరో సందర్శనకూ మధ్య పై అంకె ఎంతగా మారితే పక్షవాతం ముప్పు అంత ఎక్కువని, సగటు బీపీని పక్కనపెట్టి చూసినా ఆ ముప్పు ఉందని చూపింది. 11,140 మంది షుగరు రోగులతో నడిచిన అడ్వాన్స్ అధ్యయనం సమాచారాన్ని తిరగేసినప్పుడు కూడా హెచ్చుతగ్గులు ఎక్కువున్నవాళ్లకే పెద్ద నాళాల, చిన్న నాళాల జబ్బులు ఎక్కువని తేలింది. ఇవి కారణాన్ని రుజువు చేయవు, సంబంధాన్ని చూపుతాయి. కానీ ఈ అభ్యంతరం మన వీధి సిద్ధాంతానికి ఏ విధంగా అక్కరకొస్తుంది? గుర్తే అనుకుందాం. నరాలు చెడ్డాయనో, నాళాలు బిగుసుకున్నాయనో, మాత్రలు మానేస్తున్నాడనో చెప్పే గుర్తును చూసి "సహజమేలే" అనడం ఏ లెక్కన సబబు? పైగా అడ్వాన్స్‌లోనే రెండు బీపీ మందులు కలిపిన ఒక మాత్ర రోజూ వేసుకున్నవాళ్లలో అన్ని రకాల మరణాలూ 14 శాతం తగ్గాయి. రోజూ వేసుకున్నవాళ్లలో.

ఎంతకు దించాలన్న చర్చ ఇంకా సాగుతోంది. 2010లో అకార్డ్ బీపీ భాగంలో 120 కంటే కిందికి దించితే పక్షవాతాలు తగ్గాయి గానీ మొత్తం గుండె ప్రమాదాల్లో స్పష్టమైన తేడా రాలేదు, దుష్ఫలితాలు పెరిగాయి. 2024లో చైనాలో 12,821 మంది షుగరు రోగులతో జరిగిన బీప్రోడ్ అధ్యయనంలో అదే లక్ష్యంతో గుండె, పక్షవాత ప్రమాదాలు ఐదో వంతు తగ్గాయి. బీపీ మరీ పడిపోవడం, పొటాషియం పెరగడం కూడా ఎక్కువగానే కనిపించాయి. 130/80 కంటే తక్కువ ఉండాలనేది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునే గీత. వయసు, నిలబడితే పడిపోయే తీరు, కిడ్నీల స్థితి చూసి అది మనిషికో రకంగా మారవచ్చు. ఈ చర్చ 120కీ 130కీ మధ్య. 160కీ 120కీ మధ్య ఊగుతున్న మనిషికి ఇందులో ఏ పక్షమూ ఆశ్రయం ఇవ్వదు.

హెచ్చుతగ్గులు పుట్టించే ఇంటి వస్తువుల్ని కూడా పేరుపెట్టి చెప్పాలి. షుగరు వచ్చిందనగానే మన ఇళ్లలో అన్నం తగ్గుతుంది, జొన్నరొట్టె వస్తుంది, రాగిసంకటి వస్తుంది. పక్కన ఆవకాయ, గోంగూర, అప్పడం, ఊరమిరపకాయ మాత్రం కదలవు. "వీటిలో చక్కెర లేదుగా." రోజుకు అయిదు గ్రాములకు మించి ఉప్పు వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంటే మనం దాన్ని ఎప్పుడో దాటేశాం. సిద్దిపేట ప్రాంతపు పల్లెల్లో బీపీ ఉన్న 500 మందికి పైగా మనుషులతో చేసిన అధ్యయనంలో మామూలు ఉప్పుకు బదులు సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు ఇస్తే పై అంకె నాలుగైదు పాయింట్లు తగ్గింది. మందు పెంచకుండానే. అయితే కిడ్నీ దెబ్బతిన్న షుగరు రోగులు, టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వాడేవాళ్లు ఆ ఉప్పును డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు, పొటాషియం పేరుకుపోతుంది. రెండోది మోకాళ్ల నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు. ఇవి బీపీని పెంచుతాయి, కిడ్నీని కొడతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ చక్కెరనూ బీపీనీ ఒకేసారి లేపుతుంది. నొప్పి తగ్గిన ఆనందంలో ఆ రెండూ ఎందుకు పెరిగాయో ఎవరూ అడగరు. నెపం మళ్లీ టెన్షన్ మీదికే పోతుంది.

కొలవమన్నానని రోజుకు పదిసార్లు మెషీన్ కట్టుకునేవాళ్లను సమర్థించినట్టు కాదు. వాళ్లూ ఈ సిద్ధాంతం బిడ్డలే, ప్రతి అంకెకూ ఒక మాత్ర వెతుకుతారు. చేయాల్సింది చాలా మామూలు పని. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు వారం రోజులు, పొద్దున రెండుసార్లు, రాత్రి రెండుసార్లు. అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఉంచి, నోరు మూసుకుని. కాఫీకీ బీడీకీ అరగంట దూరంగా. అన్నీ రాసి సగటు చూడాలి. ఇంట్లో 135/85 దాటితే అది క్లినిక్‌లో 140/90 దాటినట్టే. వారంలో ఒకటి రెండుసార్లు లేచి నిలబడి కూడా చూసి పక్కన రాసుకోవాలి. చక్కెర పుస్తకంలో ఫాస్టింగ్‌కో గడి, తిన్నాక ఓ గడి గీసుకుంటాం కదా, బీపీకి కూర్చుని ఒకటి, నిలబడి ఒకటి గీయడానికి అడ్డేమిటి?

ఇది సర్కారు చేయలేని పనీ కాదు. 2017లో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం మొదట అడుగుపెట్టిన అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒకే తీరు చికిత్స, తెగని మందుల సరఫరా, ఎవరు రాలేదో చూసుకునే రికార్డు, ఇవే దాని ఆయుధాలు. అందులో కొత్త యంత్రమూ లేదు, కొత్త మందూ లేదు. ఉన్నదల్లా నిలకడ.

కాబట్టి ఆ సిద్ధాంతాన్ని తిరగరాయాల్సిందే. షుగరు ఉన్న మనిషికి బీపీ అటూ ఇటూ అవుతోందంటే అది మందు మానేయడానికి సాకు కాదు, డాక్టరును అడగడానికి కారణం. ఎందుకు ఊగుతోంది, నిలబడితే ఎంత పడుతోంది, రాత్రి ఎంత ఉంటోంది, మూత్రంలో ఆల్బుమిన్ ఉందా, నేను వాడే మందుల్లో బీపీని పెంచేది ఏదైనా ఉందా? ఈ అయిదు ప్రశ్నలకు జవాబు ఇవ్వకుండా "టెన్షన్ తగ్గించుకోండి" అని చీటీ చేతికిస్తే ఆ డాక్టరు గదిలోంచి లేవకండి. జవాబు దొరికే లోపు మీరు మాత్రం మెడికల్ షాపులో రెండు మాత్రలు కత్తిరించమని అడగకండి. నెలకు సరిపడా కొనండి, రోజూ వేసుకోండి.